తిమ్మిరి సూది పడదు

కొత్తవాడ నేతకారుడు సదానందం ఎడమ ముంజేతి మీద, మణికట్టుకు కొంచెం పైన, పాతబడి పచ్చగా అలుక్కుపోయిన అక్షరాలతో 'తిమ్మిరి సూది పడదు' అని పచ్చబొట్టు ఉంది. ఈడువాళ్లందరూ చేతుల మీద దేవుడి పేరో, భార్య పేరో, తేలుబొమ్మో పొడిపించుకున్న కాలంలో అతను ఈ మూడు మాటలు పొడిపించుకున్నాడు. దాదాపు నలభై ఏళ్ల పాటు ఆ మాటలను ఎందరో వైద్యులు చదివారు. అందరూ పెద్ద చదువులు చదివినవాళ్లే. చదివి తల ఊపినవాళ్లే తప్ప, 'ఈ మాట నీకెవరు చెప్పారు, ఎందుకు చెప్పారు' అని అడిగినవాడు ఒక్కడూ లేడు. ఆ అడగకపోవడం ఒక మనిషి జీవితాన్ని ఏం చేసిందో చెప్పడమే ఈ రచన ఉద్దేశం.

నేను మట్టెవాడలో ఉంటాను. వకీలుగా పని మానేసి చాలా కాలమైంది గానీ, కాగితం పట్ల గౌరవం మానలేదు. కరెంటు బిల్లు మొదలుకొని కళ్లద్దాల చీటీ దాకా నా ఇంట్లో ఏదీ చిరగదు, ఏదీ పోదు. అటువంటి నాకు, కాగితం మీద భరోసా లేక ఒంటి మీదనే దస్తావేజు రాయించుకున్న మనిషి పక్కవాడలో ఉన్నాడని తెలిసినప్పుడు ముచ్చటేసింది. ఆ దస్తావేజు తప్పని తేలినప్పుడు వచ్చిన కోపం మాత్రం నేటికీ చల్లారలేదు.

తిమ్మిరి సూది అని మన జనం పిలిచే దానిలోని మందు పేరు లిగ్నోకైన్. ఎనభై ఏళ్ల కిందట స్వీడన్ దేశంలో తయారైంది. నొప్పి అనే కబురును మెదడుకు మోసుకుపోయే నరం దారిని కాసేపు మూసివేయడం దాని పని. మనిషి మెలకువగానే ఉంటాడు, మాట్లాడుతూనే ఉంటాడు, కోసిన చోటు మాత్రం తనది కానట్టు ఉంటుంది. పన్ను పీకడానికి, గాయం కుట్టడానికి, మూత్రనాళంలో గొట్టం వేయడానికి, కంటి ఆపరేషనుకు అదే మందు. గుండె లయ తప్పి కొట్టుకుంటున్నప్పుడు దాన్ని దారిలో పెట్టడానికి కూడా ఒక్కోసారి అదే. ఏ చిన్న ఊరి దవాఖానలోనైనా అల్మారా తెరిస్తే ఆ సీసా ఉంటుంది. ప్రసవమప్పుడు కుట్లు పడిన తల్లీ, జారిపడి మోకాలు చీరుకున్న పిల్లవాడూ, పిప్పిపన్ను ముసలివాడూ అందరూ ఆ సీసాకు రుణపడినవాళ్లే. ఇంతమందికి అందిన ఆ చిన్న దయ సదానందానికి మాత్రం అందలేదు.

సదానందం జంపఖానాలు నేస్తాడు. తండ్రి నేసేవాడు, తాత నేసేవాడు. వెడల్పు జంపఖానా నేయాలంటే మగ్గానికి ఇద్దరు కావాలి. ఒకే పీట మీద పక్కపక్కన కూర్చుని, ఎవరి సగం వాళ్లు నేస్తూ, అడ్డంగా పోయే పేకనూలు ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి అందించుకుంటూ, పంజాతో కొడుతూ పోవాలి. పంజా అంటే ఇనుప పళ్లున్న పనిముట్టు. పులి పాదంలా ఉంటుంది, పేకను గట్టిగా దిగగొడుతుంది. పెళ్లయిన మర్నాటి నుంచి ఆ పీట మీద కుడిపక్క సదానందం, ఎడమపక్క అతని భార్య వినోద. వాళ్లకు పిల్లలు కలగలేదు. మాట్లాడుకోవడమంతా మగ్గం మీదనే జరిగేదని వాడకట్టులో చెప్పుకుంటారు. ఇద్దరిలో ఒకరు అలిగిన రోజు కూడా పేక చేతులు మారక తప్పదు గనక, అలక సాయంత్రం దాకా నిలిచేది కాదట.

పెళ్లయిన కొత్తల్లో సదానందానికి దవడపన్ను వాచింది. చాలా రోజులు ఓర్చుకున్నాడు. చివరికి ఒక పన్ను వైద్యుడి దగ్గరికి వెళ్లాడు. ఆ వైద్యుడు తిమ్మిరి సూది వేశాడు. వేసిన కాసేపటికే సదానందానికి చెమటలు పట్టి, గుండె దడదడలాడి, కళ్లు చీకట్లు కమ్మి కుర్చీలోంచి కిందికి జారిపోయాడు. ముఖం మీద నీళ్లు కొట్టి లేపారు. పన్ను తీయకుండానే పంపించేస్తూ వైద్యుడు ఒక్క మాట అన్నాడు. ఈ సూది నీకు పడదు, మళ్లీ ఎక్కడా వేయించుకోకు, చచ్చిపోతావు అన్నాడు. ఎటువంటి విచారణా లేదు, సాక్ష్యం లేదు, పునఃపరిశీలన లేదు. నడవలో నిలబడి ఒక్క వాక్యంలో ఇచ్చిన తీర్పు అది. ఏ మున్సిఫ్ కోర్టులోనూ అంత తొందరగా తీర్పు రావడం నేను చూడలేదు.

ఇంటికి వచ్చి చెప్పగానే వినోద బెంబేలెత్తిపోయింది. మనిషి ఎక్కడో స్పృహ తప్పి పడితే, తెలియక ఎవరైనా ఆ సూది వేస్తే ఎట్లా అన్నది ఆమె భయం. వైద్యుడి చీటీ ఉంటే జేబులో పెట్టుకోవచ్చు, చీటీ చెమటకు తడిసి చిరిగితే ఏం గతి? ఆ ఏడు ఐనవోలు జాతరకు పోయినప్పుడు, మొక్కు తీర్చుకోవడం అయిపోగానే, పచ్చబొట్లు పొడిచే ఆమె ముందు భర్తను కూర్చోబెట్టి చెయ్యి చాపించింది. పేరు పొడవాలా, బొమ్మ పొడవాలా అని ఆమె అడిగితే ఇవేవీ వద్దని, రాసి తెచ్చుకున్న మాట చూపించిందట. పొడిచే ఆమె నవ్విందట. వినోద నవ్వలేదు.

ఆ తరువాతి ముప్పై చిల్లర ఏళ్లు ఆ పచ్చబొట్టు తన పని నూటికి నూరుపాళ్లు చేసింది. దవడపన్నును మరో వైద్యుడు ఊరికే పీకాడు. పంజా పన్ను ఒకసారి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య దిగితే, మొద్దుబార్చకుండానే కుట్లు వేశారు. వీపు మీద సెగ్గడ్డ లేస్తే అట్లాగే కోశారు. ప్రతిసారీ వినోద పక్కన నిలబడి అతని చేతిని రెండు చేతులా పట్టుకునేది. సూది దిగిన ప్రతిసారీ అతను ఆమె చేతిని నలిపేవాడు. అతని కంట నీరు వచ్చేది కాదు, ఆమె ఏడ్చేది. కుట్లు పడింది నీకా అతనికా అని ఒక నర్సమ్మ ఆమెను ఎగతాళి చేసిందని సదానందం నాతో చెప్పాడు. చెబుతూ ఆ జ్ఞాపకంలో ఏదో తీపి ఉన్నట్టు తల వంచుకున్నాడు.

కరోనా రెండో విడత వచ్చినప్పుడు వినోదను దవాఖానలో చేర్చారు. లోపలికి ఎవరినీ పోనివ్వలేదు. అతను గేటు బయట చెట్టు కింద కూర్చున్నాడు. ఆమె పోయిన సంగతి మైకులో పేరు పిలిస్తే తెలిసింది. ఆమె చేతిని ఎవరూ పట్టుకోలేదన్న మాట అతను నాకు చెప్పలేదు. నేనే అనుకున్నాను.

అప్పటి నుంచి ఆ మగ్గం మీద వెడల్పు జంపఖానా పడలేదు. ఒక్కడే నేయగల ఆసనాలు, సన్నపు పట్టీలు నేయడం మొదలుపెట్టాడు. చిన్నవి నేసేవాడు పీట మధ్యలో కూర్చోవాలి, అప్పుడే చేతులు రెండు పక్కలకూ సమంగా అందుతాయి. సదానందం కుడిపక్కనే కూర్చుంటాడు. నిలువుపోగుల పడుగును కూడా తన పక్కకే జరిపి కట్టుకున్నాడు. ఎడమపక్క పీట ఖాళీగా ఉంటుంది. దాని మీద ఒక పంజా ఉంటుంది, అంతే.

ఆ మధ్య అతని పాదంలో సీసపెంకు దిగితే వాడకట్టువాళ్లు దవాఖానకు తీసుకుపోయారు. చెయ్యి చూపించాడు. చదివారు. మొద్దుబార్చకుండానే కుట్టారు. ఈసారి అతను తన కుడిచేత్తో తన ఎడమచేతినే పట్టుకున్నాడు. దాని గురించి అడిగితే, సొంత చేతిని ఎంత నలిపినా అది తిరిగి నలపదు సారూ అన్నాడు.

నేనింత కోపంగా రాయడానికి అసలు కారణం ఇక మొదలవుతుంది. సదానందం రెండు కళ్లకూ శుక్లాలు వచ్చాయి. కుడికన్ను పూర్తిగా తెల్లబడింది. ఎడమకంటితో మసకమసకగా నెట్టుకొస్తున్నాడు. కొత్తవాడ చేనేతకారుల కోసం ఒక కంటి శిబిరం పెట్టి, ఒక బస్సులో అందరినీ ఆపరేషనుకు తీసుకుపోయారు. రక్తపోటు చూడడానికి పట్టీ చుట్టబోతూ అక్కడి వైద్యుడు పచ్చబొట్టు చదివాడు. ముదిరిన శుక్లం, ఉత్త చుక్కల మందుతో తీయడం కుదరదు, కంటి వెనక సూది వేయాల్సిందే అన్నాడు. ఆ సూదిలో వాడే తిమ్మిరి మందులన్నీ ఒకే కుటుంబానివి, ఏదీ వేయలేనన్నాడు. పూర్తి మత్తు ఇచ్చి చేయాలంటే, బతుకంతా నూలుదుమ్ము పీల్చిన ఊపిరితిత్తులు తట్టుకోవన్నాడు. మిగిలినవాళ్లను లోపలికి పిలిచారు. ఇతన్ని బస్టాండు దారి అడుగుతూ పొమ్మన్నారు.

మర్నాడు బస్సు దిగిన వాళ్లందరి కళ్లకూ పచ్చగుడ్డలు, నల్లద్దాలు. ఎదురింటి గట్టయ్య కూడా వాళ్లలో ఒకడు. సదానందంతో చిన్నప్పటి నుంచీ పడుతూ లేస్తూ ఉండే మనిషి. ఇంట్లో ఎవరూ లేని వేళ కంట్లో చుక్కలు వేయమని సదానందాన్నే పిలిచేవాడు. కన్ను లేనివాడు కన్ను బాగుచేయించుకున్నవాడికి మందు వేయడం నేను స్వయంగా చూశాను. మొదటి చుక్క చెంప మీద పడింది, రెండోది మీసం మీద.

"కంట్లెయ్యమంటే మూతి కడుగుతాండు," అన్నాడు గట్టయ్య నా వైపు తిరిగి. "సారూ, వీని చెయ్యి సదివి డాక్టర్లే ఉరుకుతాండ్రు. బ్యాంకోళ్లకు గూడ జర సూపియ్యమనుండ్రి, బాకీ మాఫ్ జేస్తరు."

సదానందం నవ్వాడు. నవ్వుతూనే మూడో చుక్క సరిగా కంట్లో వేశాడు.

వాడలో అందరికీ కళ్లు వచ్చాయి. అందరూ ఆ వారమంతా ఎవరికి ఏం కనిపిస్తున్నదో అరుగుల మీద కూర్చుని చెప్పుకుంటూ ఉంటే, చెప్పడానికి ఏమీ లేనివాడు అతనొక్కడే. మెల్లగా అరుగు మీదికి రావడం మానుకున్నాడు.

అప్పుడే నేను అడిగిన ఆసనం నేసి తెచ్చాడు. తెల్లటి నేత, ముదురు నీలపు అంచు కావాలని చెప్పి ఉన్నాను. విప్పి చూస్తే అంచు నల్లగా ఉంది. చెప్పడమా మానడమా అని నేను తటపటాయిస్తుండగానే అతను నా మౌనాన్ని పట్టుకున్నాడు. ఆసనాన్ని గుమ్మం వెలుతురులోకి తీసుకుపోయి, ఎడమకంటికి ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"నీలం గాదా సారు ఇది?"

కాదన్నాను.

అతను దాన్ని మడిచి చంకలో పెట్టుకున్నాడు. ఇగ మగ్గం దించేస్త అన్నాడు. నూలు రంగు తెలియనివాడు నేతకారుడు కాదన్నాడు. ఆ మాట అన్నది దుఃఖంతో కాదు, లెక్క తేలినట్టు అన్నాడు. మగ్గం దించితే ఆ పీట తీసేయాలి. ఆ పీట తీసేస్తే ఆ ఇంట్లో అతనికి కూర్చునే చోటు లేదని నాకు అర్థమైంది.

ఆ రోజే నేను మొదటిసారి అతని చేతిని నా చేతిలోకి తీసుకుని ఆ మూడు మాటలూ వకీలు కళ్లతో చదివాను. తేదీ లేదు, సంతకం లేదు, కారణం లేదు. ఇటువంటి కాగితాన్ని ఏ న్యాయమూర్తి ముందు పెట్టినా విసిరికొడతాడు. చర్మం మీద ఉన్నందుకు ఇది ఇన్నాళ్లు చెల్లిందన్నమాట.

హనుమకొండలోని ఒక దవాఖానలో స్రవంతి అనే మత్తు వైద్యురాలున్నారని విని, అతన్ని వెంటబెట్టుకుని వెళ్లాను. చిన్న వయసు. పచ్చబొట్టు చదివి ఆమె తల ఊపలేదు. కుర్చీ లాక్కుని అతనికి ఎదురుగా కూర్చుంది. లిగ్నోకైన్ నిజంగా పడనివాళ్లు ఎంత అరుదో, పడలేదని పేరుపడినవాళ్లు ఎంత ఎక్కువో నాకు రెండు ముక్కల్లో చెప్పింది. సూది భయానికి పడిపోయినవాళ్లు, మందులో కలిపిన మరో పదార్థానికి గుండె దడ వచ్చినవాళ్లు, నీరసంతో కళ్లు తిరిగినవాళ్లు అందరూ ఆ పేరు కిందికే వస్తారట. తరువాత సదానందాన్ని అడగడం మొదలుపెట్టింది. దద్దుర్లు లేచాయా అంటే లేదన్నాడు. పెదవులు, నాలుక వాచాయా అంటే లేదన్నాడు. ఊపిరి బిగిసిందా అంటే అదీ లేదన్నాడు. చెమట, దడ, చీకటి, అంతే.

"ఆ రోజు ఏం తిని వెళ్లారు?"

"తిన్ననని జెప్పిన మేడం."

"చెప్పారు సరే. తిన్నారా?"

సదానందం చెప్పిన సంగతి ఇది. నేతకారుడి మగ్గం ఏడాది పొడవునా ఆడుతుంది. శ్రావణంలో వచ్చే నూలు పున్నమినాడు మాత్రం తప్పనిసరిగా ఆగుతుంది. ఆ రోజు మగ్గాన్ని కడిగి బొట్లు పెట్టి, పూజ చేసి, జంధ్యం మార్చుకునే దాకా పచ్చి మంచినీళ్లు ముట్టరు. పని పోకుండా పన్ను తీయించుకోవడానికి దొరికిన తీరిక కూడా ఆ ఒక్క రోజే. అందుకని పొద్దున్నే, పూజకు ముందే వెళ్లాడు. అసలే పన్నునొప్పితో అంతకు ముందు రెండు రోజులుగా ముద్ద దిగలేదు. తిన్నావా అని ఆ వైద్యుడు అడిగాడు. తినలేదంటే అక్కడే చాయి తాగి బిస్కెట్టు తినమంటాడని, ఉపవాసం చెడుతుందని, తిన్నానని చెప్పాడు.

"జంధ్యం మారలేగద మేడం," అన్నాడు, ఇప్పటికీ అది సరిపోయే జవాబే అన్నట్టు.

ఖాళీ కడుపు, నొప్పి, భయం, దడ పుట్టించే మందు. పడిపోక ఏమవుతాడు? వైద్యురాలు ఇదే మాట మెత్తగా చెప్పింది. చర్మం మీద గీరి, ఆ తరువాత కొంచెం కొంచెంగా మందు ఎక్కించి పరీక్ష చేద్దామన్నది. పక్కన అన్ని ఏర్పాట్లూ ఉంటాయన్నది. నాకు గెలిచిన వ్యాజ్యంలా అనిపించి, లేచి అతని భుజం తట్టబోయాను. అతను మాత్రం వద్దు మేడం అని దండం పెట్టి బయటికి నడిచాడు.

వెనకాలే వెళ్లాను. మెట్ల దగ్గర రెయిలింగు పట్టుకుని నిలబడి ఉన్నాడు. నేను ఆ పాత పన్ను వైద్యుణ్ణి తిట్టడం మొదలుపెట్టాను. మనిషి పడిపోయాక మళ్లీ ఒకసారి అడగొద్దా, నిజంగా తిన్నావా అని ఇంకోసారి అడిగితే నోరు నొచ్చేదా అని తిట్టాను. అతను వినలేదు.

"సారూ, నాకు సూది పడుతదంటే, వినోదను గన్నేండ్లు ఉత్తగనే ఏడిపిచ్చినట్టు గద," అన్నాడు. "తిన్ననని నేన్ జెప్పిన సంగతి ఆమెకు తెల్వదు. ఆమె నాతోని సమానంగ నొప్పి పడ్డది. గదంతా ఉత్తదేనని ఇప్పుడు దవాఖానోళ్లు తేలుస్తరా? కండ్లు బోతె బోనీయుండ్రి."

అతన్ని ఆటోలో కొత్తవాడలో దించి నేను ఇంటికి వచ్చాను.

కొన్ని వారాల పాటు నేను వెళ్లలేదు, అతను రాలేదు. నాకు కోపమే వచ్చింది. చనిపోయిన మనిషి మీది గౌరవంతో బతికున్న కళ్లను పోగొట్టుకోవడం మూర్ఖత్వమని ఇంట్లో ఒక్కణ్ణే వాదించుకున్నాను. ఎదురు వాదించేవాడు లేని వాదన ఎంతసేపు సాగుతుంది? ఒక మధ్యాహ్నం లేచి కొత్తవాడకు నడిచాను.

మగ్గం ఇంకా దించలేదు. సదానందం దాని పక్కనే నేల మీద పరిచిన పాత జంపఖానా మీద కూర్చుని ఉన్నాడు. తాను పడుకునేది దాని మీదనే. ఇద్దరూ కలిసి చివరగా నేసింది అదట. నేతకారుల సొసైటీకి ఇవ్వకుండా ఉంచుకున్నాడు. నన్ను కూర్చోమని పక్కకు జరిగాడు. అతని వేళ్లు దాని మధ్యభాగం మీద అటూ ఇటూ తిరుగుతున్నాయి. ఏం వెతుకుతున్నావన్నాను.

ఇద్దరు నేసిన జంపఖానాలో రెండు చేతుల దెబ్బలు ఒకటిగా ఉండవట. తన దెబ్బ బరువు, ఆమెది తేలిక. ఆమె సగంలో చారలు ఒక నూలు పోగంత ఎత్తుగా వస్తాయట. మధ్యలో రెండూ కలిసే చోట చార ఒక్క రవ్వ వంగుతుంది. కొనేవాడికి కనపడదు, నేసినవాడికి తెలుస్తుంది. ఇదివరకు పొద్దున లేవగానే ఆ వంపు చూసేవాడు. ఇప్పుడు కన్ను అందుకోవడం లేదు, వేలితో చూస్తున్నాడు. రోజూ పడుకుని పడుకుని నేత అణిగిపోయి, వేలికి కూడా దొరకడం మానేస్తున్నదన్నాడు.

నేను వాదించలేదు. వకీలు వృత్తిలో నేర్చుకున్నవన్నీ గుమ్మం బయట వదిలి, ఒక్కటే అడిగాను. మళ్లీ చూడాలని లేదా అన్నాను.

అతను లేచి కుండలోంచి నీళ్లు ముంచి నాకిచ్చాడు. నేను తాగి గ్లాసు కింద పెట్టాక, ఒక షరతు పెట్టాడు. పరీక్ష చేయించుకుంటాడు. కానీ ఆ కాగితంలో ఎక్కడా, చేతి మీద రాసింది తప్పు అని రాయకూడదు. వినోద భయం తప్పు అని ఏ దవాఖాన ముద్రతోనూ పడకూడదు.

నా స్వభావం తెలిసినవాళ్లకు ఈ షరతు నన్ను ఎంత ఇబ్బంది పెట్టిందో తెలుస్తుంది. దస్తావేజు అంటే జరిగింది జరిగినట్టు చెప్పాలి. పాత తప్పును దాచే కాగితం నా దృష్టిలో సగం కాగితం. అయినా ఒప్పుకున్నాను. స్రవంతి కూడా ఒప్పుకుంది. పరీక్ష ఉదయం పూట జరిగింది. ముందుగా ఆమె అతన్ని ఇడ్లీ తినమంది. తిన్నానన్నాడు. నా వైపు చూసింది. తిన్నాడు, నేనే తినిపించానని సాక్ష్యం చెప్పాను. ఆ గదిలో మేం ముగ్గురం నవ్వింది అప్పుడొక్కసారే. చేతి మీద గీరారు, చూశారు. కొంచెం ఎక్కించారు, చూశారు. మరికొంచెం ఎక్కించారు. దద్దు లేదు, దడ లేదు. సూది వేసిన చోట చెయ్యి మొద్దుబారింది. అతను దాన్ని వేలితో పొడిచి చూసుకుంటూ, ఎవరిదో చెయ్యి తన ఒళ్లో పెట్టినట్టు ఆశ్చర్యపోయాడు. సరిగ్గా పచ్చబొట్టు కిందనే వేశారు. ఆ అక్షరాలు కూడా మొద్దుబారాయి.

'పరీక్షించాము, లిగ్నోకైన్ ఈ వ్యక్తికి ఇవ్వవచ్చు' అని మాత్రమే స్రవంతి కాగితంలో రాసింది. గతం గురించి ఒక్క ముక్క లేదు.

కుడికంటి ఆపరేషను నాడు నేను బయటి బెంచీ మీద కూర్చున్నాను. లోపల జరిగింది అతను తరువాత చెప్పాడు. కంటి పక్కన సూది దిగినప్పుడు చురుక్కుమంది. అలవాటు చొప్పున చెయ్యి పక్కకు చాపాడు. చేతులు కదలొద్దు తాతా అని నర్సు దాన్ని తీసి గుడ్డ కింద పెట్టింది. ఆ తరువాత ఇక నొప్పి లేదు. దీపం వెలుగులాంటిది కనిపించింది, నీళ్ల చప్పుడు వినిపించింది.

"ఏం తెల్వలే సారు," అన్నాడు. "ఇన్నేండ్లల్ల ఎప్పుడు కోసినా ఆమె పక్కకున్నట్టే అనిపిస్తుండె. చచ్చిపోయినంక గూడ, కాలు కుట్టిననాడు గూడ, ఉన్నట్టే అనిపిచ్చింది. ఇయ్యాల నొప్పి రాలే. నేనొక్కన్నే ఉన్న."

ఇంటికి వచ్చాక ఆ పచ్చబొట్టు సంగతి తేల్చాలని నేను పట్టుబట్టాను. రేపు ఎక్కడైనా ప్రమాదం జరిగితే మళ్లీ ఎవరో చదువుతారు, మళ్లీ మొద్దుబార్చకుండా కోస్తారు. దాని మీద ఒక గీతైనా పొడిపించుకోమని, అడ్డంగా కొట్టేసినట్టు ఉంటుందని చెప్పాను. అతను చొక్కా చేతిని మణికట్టు దాకా దించి గుండీ పెట్టుకున్నాడు.

"కాగితం మీ కాడ భద్రంగ ఉంటది గద వకీలు సారూ. ఇది నా కాడ ఉండనీయుండ్రి."

ఆ కాగితం అసలు ప్రతి నా బీరువాలో ఉంది. నకళ్లు గట్టయ్యకు ఒకటి, సొసైటీకి ఒకటి, సదానందం చొక్కా జేబుకు ఒకటి ఇచ్చాను. అందులో లేని మాట నేనిక్కడ రాస్తున్నాను. తప్పు వినోదది కాదు. తినలేదని చెప్పని కుర్రవాడిదీ కాదు. ఒక మాట చెప్పి రెండో మాట అడగని చదువుది. ఆ పచ్చబొట్టును చదివి అడగకుండా కుట్టుసూది పట్టుకున్న ప్రతి చదువుదీ. సంతకం పెట్టమంటే పెడతాను.

కట్టు విప్పిన కొన్నాళ్లకు వెళ్లాను. పొద్దుటి ఎండ కిటికీలోంచి జంపఖానా మీద పడుతున్నది. సదానందం నల్లద్దాలు తీసి పక్కన పెట్టుకుని, వంగి చూస్తున్నాడు. నన్ను చూసి రమ్మన్నాడు. నీలం చార ఒకదాని మీద వేలు పెట్టి, మధ్య దాకా జరిపి ఆపాడు.

"ఇగో సారు, ఇక్కడికెళ్లి వినోద."

నేను అద్దాలు సవరించుకుని చూశాను. వంగి చూశాను. నాకు అంతా ఒకే నేతగా, ఒకే తిన్నటి చారగా కనిపించింది. ఆ మాట అతనితో అనలేదు. అవునన్నాను.

అతను అక్కడే, తన సగం మీద కూర్చున్నాడు. ఆమె సగం మీద ఎండ పడుతున్నది. నన్ను కూర్చోమన్నాడు గానీ, ఆ సగం మీద కాళ్లు పెట్టబుద్ధి కాక, గుమ్మం దగ్గరే నేల మీద కూర్చున్నాను.